పసుపు కొమ్ములోని చెయ్యి

ఠప్.

మొదట ఆ చప్పుడొక్కటే ఉంది. పొలం లేదు, గట్టు లేదు, మనిషి లేదు. మాఘమాసపు మంచు అన్నిటినీ మింగి, ఆ ఒక్క చప్పుడును మాత్రం మింగలేక వదిలేసింది. ఠప్. కాసేపాగి మళ్ళీ, ఠప్. తల్లిదుంప నుంచి పసుపు కొమ్మును విరిచే చప్పుడది.

డాక్టర్ ఇందుమతి ఆ చప్పుడును పట్టుకునే గట్టు వెంట నడిచింది. భుజాన నమూనాల పెట్టె, చేతిలో శాసనసభ కార్యాలయం పంపిన జాబితా. జాబితాలో నూట పన్నెండు పొలాలు, అన్నీ శాసనసభ్యులవే. నలభై ఒకటో పొలం ఆమె మేనమామ ధనుంజయరావుది. ఈమనపర్రు గ్రామం, నాలుగెకరాలు, పసుపు.

మంచులోంచి ముందు రెండు చేతులు కనిపించాయి. వాటి వెనుక మనిషి. నలభై అయిదేళ్ళ స్త్రీ, తవ్విపోసిన దుంపల నడుమ గొంతుక్కూర్చుని, మట్టి దులిపి కొమ్ములు విరుస్తోంది.

"ఎవరూ?"

"పరిశోధనశాల నుంచమ్మా. కొంచెం పసుపు కావాలి."

"తినడానికా, చూడడానికా?"

"చూడడానికే."

"అయితే మంచిదే ఇస్తాలే. తినేవాళ్ళకి ఎట్టాగూ దొరికేది చచ్చుదే."

ఇందుమతి నవ్వి కొమ్మును అందుకుంది. "ఈ పొలం ఎవరు చేస్తున్నారు?"

విరుస్తున్న చెయ్యి ఆగింది. "పోలయ్య. మా ఆయన."

"ఉన్నారా ఇక్కడ?"

"కాలవ మీదికి పోయాడు."

ఎక్కాలు ఒప్పజెప్పినంత సాఫీగా చెప్పింది ఆ మాట. ఇందుమతి అలాగే రాసుకుంది: పోలయ్య, కాలవ మీదికి వెళ్ళాడు.

ఆ ఏడు ఖజానా వట్టిపోయింది. సాగు సబ్సిడీలు, పంటల మద్దతు ధరలు తగ్గించక తప్పదని ఏలినవారికి తోచింది. తగ్గిస్తే ఓట్లు పోతాయి. తగ్గించకపోతే కాంట్రాక్టర్లు పోతారు. రెండింటిలో ఏ ఒక్కటీ పోకూడదు గనుక, సంస్కరణ అనే పాత మాటకు కొత్త చొక్కా తొడిగి సభకు తెచ్చారు: 'పండించిన చేతికే మద్దతు.' పాసుపుస్తకం ఎవరి పేర ఉన్నా, పంటలో ఎవరి చెయ్యి ఉంటే సబ్సిడీ వారిది, మద్దతు ధర వారిది. దొంగ రైతులను ఏరివేయడానికి ఇందుమతి కనిపెట్టిన యంత్రాన్ని ఎన్నుకున్నారు. దొంగలు ఎక్కడో దూరంగా ఉంటారన్నది వారి నమ్మకం. ముందు సభ్యుల పొలాలనే పరీక్షించి లోకానికి ఆదర్శం చూపుదామని ఒక ఉత్సాహవంతుడు లేచి అంటే, నూట పన్నెండు మందీ బల్లలు చరిచి ఒప్పుకున్నారు. పోలికకోసం తమ అరచేతి ముద్రలు కూడా సంతోషంగా ఇచ్చారు. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఉపన్యాసాన్నీ 'నేనూ రైతుబిడ్డనే' అని మొదలుపెట్టిన మనిషి, ఒకనాటికి ఆ మాట నమ్మడంలో వింతేమున్నది?

యంత్రం పేరు హస్తదర్శిని. పరిశోధనశాలలో ఇందుమతి సహచరి నసీమా, నలభై ఒకటో కొమ్మును కాగితంకన్నా పలుచగా కోసి గాజుపలక మీద పరిచింది. అరచేతిలో కాపురముండే సూక్ష్మజీవుల కూర్పు ఏ ఇద్దరికీ ఒకటిగా ఉండదు. విత్తనం విరిచి నాటినప్పుడు ఆ గాయంలోంచి, కలుపు తీసేటప్పుడు పడిన గీతలోంచి, మొదలుకు మన్ను ఎగదోసిన ప్రతిసారీ, అవి మొక్కలోకి పోతాయి. పోయి, పొరవెంట పొరగా అక్కడే నిలుస్తాయి. యంత్రం ఆ పొరలను చదివి, ఒక్కో చేతికి ఒక్కో రంగుపట్టీ తెరమీద గీస్తుంది. అది ఆడచెయ్యో మగచెయ్యో, ఎన్నిసార్లు, ఎంతసేపు తాకిందో, ఏ వారాల్లో తాకిందో చెబుతుంది. పేరు మాత్రం చెప్పదు.

"ఇప్పటికి నలభై అయ్యాయి," అంది నసీమా. "యజమాని చెయ్యి ఒక్క దాంట్లోనే తగిలింది. పన్నెండో నంబరు, వరి. మొత్తం నాలుగు క్షణాలు."

"నాలుగా?"

"నాటు వేస్తున్నట్టు ఫొటో దిగాడుగా మంత్రిగారు. మొదటి ఫొటో బాగా రాలేదేమో పాపం, రెండోసారి కూడా వంగాడు."

ఇద్దరూ నవ్వుతుండగానే తెరమీద నలభై ఒకటి మొదలైంది. ఒకే రంగు, ఆకుపచ్చ. నాటులో అదే, కలుపులో అదే, తవ్వకంలో అదే. స్త్రీ చెయ్యి. ధనుంజయరావు చేతికి కేటాయించిన పట్టీ తెల్లగా, పరిశుభ్రంగా, ఖాళీగా ఉంది.

"ఇంకా వెనక్కి పోతోంది చూడు," అంది నసీమా, నవ్వాపి.

పసుపుకు గింజ లేదు. పోయినేటి కొమ్మే ఈ ఏటి విత్తనం. దాని తల్లి అంతకు ముందటేటిది. ఒక పొలంలో ఒకే విత్తనం ఏటేటా నిలుపుకుంటూ వస్తే, ఆ పొలంలో పని చేసిన చేతులన్నీ ఒక్క కొమ్ములో ఉంటాయి. యంత్రం ఏడు వెంట ఏడు దిగింది. తొమ్మిది పంటలు, తొమ్మిదింటా ఒంటరి ఆకుపచ్చ. పదో పంట దగ్గర దాని పక్కన ఇంకొక రంగు వెలిగింది. మగచెయ్యి. అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి, అడుగడుగునా రెండు రంగులూ జంటగానే ఉన్నాయి. ఆ పదో పంటలో, రెండో కలుపు తరువాత, ఆ రెండో రంగు ఆగిపోయింది. చివర సన్నబడడం, పలచబడడం ఏమీ లేదు. కోసినట్టు ఆగింది.

"కాలవ మీదికి పోయాడందే," అంది ఇందుమతి.

"తొమ్మిదేళ్ళ కిందటా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మరుసటి వారం ఆమె మళ్ళీ ఈమనపర్రు వెళ్ళింది. పొలంలో పసుపు ఉడికించే బానల కింద మంట చిటపటమంటోంది. ఇందుమతి పలక తెరను ఆ స్త్రీ ఒడిలో పెట్టి, రంగులు చూపి, చెప్పవలసినది చెప్పింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని, రెండో రంగు ఆగిన చోట వేలు ఉంచింది.

"ఇదేనా ఆయన?"

"ఇక్కడిదాకా."

"అవును. రెండో కలుపయ్యాకే జరం. పెద్దాసుపత్రిలో ఆరు రోజులున్నాడు." వేలు తీయలేదు. "ఇంత పనిచేసేవాడని నేనెప్పుడూ అనలా ఆయనతో. సోమరిపోతని తిట్టేదాన్ని."

"కౌలు వసూలుకొచ్చే గుమాస్తాగారికి చెప్పలేదా?"

"చెబితే ఆడదానికి కౌలిస్తారామ్మా? శేషగిరిగారు ఉగాదికొస్తాడు. 'ఏమే, పోలయ్యేడే' అంటాడు. కాలవ మీదికి పోయాడండీ అంటా. కౌలు పుచ్చుకొని పోతాడు. మళ్ళీ ఉగాదికి పోలయ్యేడే, మళ్ళీ కాలవ మీదికే. తొమ్మిదేళ్ళ నుంచీ మా ఆయన కాలవ మీదే ఉన్నాడు డాక్టరమ్మా. ఆ కాలవకి నీళ్ళు రాక నాలుగేళ్ళయింది. అదీ అడగలా."

"ఊళ్ళో ఎవరూ ఆయనకు చెప్పలేదా?"

"ఊరిది కాదుగా పొలం. ఊరికెందుకు?"

ఇందుమతి బిల్లు సంగతి వివరించింది. పంటలో ఉన్నది ఆమె చెయ్యి గనుక, బిల్లు నెగ్గితే ఎరువుల సబ్సిడీ, మద్దతు ధర నేరుగా ఆమెకే వస్తాయని చెప్పింది. ఆమె ఓపికగా విన్నది, పసిపిల్ల చెప్పే కథకు ఊకొట్టినట్టు ఊకొడుతూ.

"బిల్లు నెగ్గే లోపల ఉగాది వస్తుందమ్మా. పోలయ్య లేడని తెలిసిన పూటే పొలం ఇంకోళ్ళకి పోద్ది. నా కూతురు నర్సు చదువుతుంది, ఇంకో రెండేళ్ళుంది. మీరు నా పేరు ఎక్కడా పలకొద్దు."

"మీ పేరే నాకు తెలియదు."

ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించి, చెప్పింది. చెప్పి, "ఇంక మరిచిపోండి," అంది.

"ఎక్కడా పలకను," అని ఇందుమతి మాటిచ్చింది.

నివేదిక వెలువడింది. యజమాని చెయ్యి ఉందో లేదో అంతవరకే ఇందుమతి అందులో రాసింది; ఉన్నది ఆడచెయ్యో మగచెయ్యో రాయలేదు. నూట పన్నెండు పొలాల్లో యజమాని చెయ్యి ఉన్నవి సున్న. నాలుగు క్షణాల మంత్రిగారిని కలుపుకుంటే ఒకటి. రాజధానిలో పెద్ద కలకలం పుట్టింది. ఆ తరువాత పదిరోజులలో జిల్లాలు చూసిన చిత్రాలు మునుపెన్నడూ చూడనివి. కార్లు గట్లమీద బారులు తీరాయి. గంజిపెట్టిన పంచెలు మోకాళ్ళ పైకి లేచాయి. తమ పొలం ఏదో దారిన పోయేవారిని అడిగి తెలుసుకొని, సభ్యులు చేలోకి దిగి మిరపను నిమిరారు, కందిని దువ్వారు, చెరకును కావలించుకున్నారు. ఎకరాకు గంటసేపు నిమిరితే చాలునని ఒక నిపుణుడు సలహా అమ్ముకున్నాడు. ఒకాయన పత్తిని నిమరబోయి ఆముదం నిమిరి వచ్చాడు, పక్కవాడి ఆముదం.

సభ కూడడానికి ముందురోజు ధనుంజయరావు మేనకోడలిని మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. తండ్రి పోయిన పిల్లను చదివించినవాడు ఆయనే. ఆ మాట ఆయన మరవలేదు; మరవనివ్వలేదు.

"నీ యంత్రానికి మర్యాద తెలీదే అమ్మాయీ," అన్నాడు, ముద్దపప్పులో నెయ్యి కలుపుకుంటూ. "మేనమామని పట్టుకొని దొంగ అంటుందా?"

"దొంగ అనలేదు మావయ్యా. మీ చెయ్యి లేదంది."

"రెండూ ఒకటే. నిన్ను చదివించింది ఆ పొలం కాదూ?"

"ఆ పొలమే."

"మరి? ఆ ఉన్న చెయ్యి ఎవరిదో నాకు చెప్పు. మూడోవాడికి తెలీకుండా నేను సర్దుకుంటాను."

"మీ పొలం ఎవరు చేస్తున్నారో మీకు తెలియదా?"

ధనుంజయరావు ఒక్క క్షణం ముద్ద ఆపాడు. తరువాత వసారా వైపు తిరిగి కేకేశాడు. "శేషగిరీ! మన పసుపు ఎవడు చేస్తున్నాడ్రా?"

"పోలయ్యండి," గుమాస్తా గుమ్మంలోకి వచ్చాడు. "చాలా నమ్మకస్తుడండి."

"ఈమధ్య చూశావా?"

"పోయిన ఉగాదికి వెళ్ళానండి. కాలవ మీదికెళ్ళాడన్నారు."

"చూశావుటే, ఎంత పనిమంతుడో! ఇంటిపట్టున ఉండడు." ఆయన ముఖం వికసించింది. "పోలయ్య. బాగుంది పేరు, సభలో పలుకుతుంది. రేపు గ్యాలరీలో మన రైతులు ఓ నలభైమంది ఉండాలి శేషగిరీ, పచ్చకండువాలతో. పోలయ్యని ముందు వరసలో కూర్చోబెట్టు."

ఒక్క మాటతో ఆ ముఖం మీది వికాసాన్ని తుడిచివేయవచ్చు. ఆ ఒక్క మాటతోనే నాలుగెకరాలూ పోతాయి. ఇందుమతి మజ్జిగ పోసుకొని, చేయి కడుక్కుంది.

మర్నాడు సభలో సాక్షిపీఠం ఆమెది. ఎదుట నూట పన్నెండు మంది పరిశుభ్రమైన అరచేతుల పెద్దలు. పైన గ్యాలరీలో నలభై పచ్చకండువాలు. ముందు వరస చివర, మెడలో సరిగా నిలవని కండువాను పట్టుకొని పోలయ్య భార్య కూర్చుని ఉంది. జరిగినది ఊహించడం ఇందుమతికి కష్టం కాలేదు: గుమాస్తా పోలయ్యకోసం వచ్చాడు, కాలవ మీదికి పోయాడన్నారు, మనిషి లెక్క తగ్గకుండా పెళ్ళాన్ని బస్సెక్కించాడు.

చర్చ మొదలైంది. చర్చ అంటే, ఎవరికివారు తమనుగురించి చెప్పుకొని కంటతడి పెట్టుకోవడం. అధికారపక్షపు ముఖ్యుడొకడు లేచి, పంటకు చెయ్యికన్నా సంకల్పం ముఖ్యమని, తాను రాజధానిలోనే ఉండి ఎకరాలకొద్దీ సంకల్పించానని చెప్పాడు. ప్రతిపక్ష నాయకుడు అంతకన్నా లోతుకు పోయాడు.

"అధ్యక్షా! యజ్ఞం చేసేది పురోహితుడు. మంత్రం అతనిది, సమిధ అతనిది, కళ్ళలో పొగ అతనిది. ఫలం ఎవరిది అధ్యక్షా? యజమానిది! శాస్త్రమే అలా ఉంటే ఈ యంత్రమెంత?"

"సంభావన ఇచ్చారా?" అని వెనుకనుంచి ఎవరో అడిగారు. సభ నవ్వింది. సంభావన సంగతి అక్కడితో ముగిసింది.

"చేతికే మద్దతంటే ఎద్దుకీ ఇవ్వాలి అధ్యక్షా!" మరొకడు. "ఎద్దుకు ఖాతా తెరుస్తారా?"

"ఎద్దులకు ఇప్పటికే ఇస్తున్నాంగా," అంది ఒక గొంతు, ఏ పక్షం నుంచో తెలియలేదు. బల్లలు మోగాయి.

అప్పుడు ధనుంజయరావు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. కళ్ళు ముందే చెమ్మగిల్లి ఉన్నాయి.

"అధ్యక్షా, నా పొలంలో పరాయి చెయ్యి ఉందన్నారు. పరాయిదా? అది నా పోలయ్య చెయ్యి! నేనూ పోలయ్యా ఒక గట్టుమీద పెరిగాం. మొన్న ఆదివారం, అధ్యక్షా, ఎండలో ఆ చేలో నిలబడి ఇద్దరం ఒకే ముంతలో మజ్జిగ తాగాం. 'అయ్యా, మీరుండగా నాకు సబ్సిడీ ఎందుకు?' అన్నాడు. ఈ మాట ఏ యంత్రంలో కనబడుతుంది?"

రెండు పక్షాలూ లేచి చప్పట్లు కొట్టాయి. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఇందుమతి పైకి చూసింది. ముందు వరస చివర ఆమె కదలకుండా కూర్చుంది. కండువాను పట్టుకున్న వేళ్ళు మాత్రం బిగిశాయి.

సభాపతి సాక్షివైపు తిరిగాడు. "డాక్టర్ గారూ, నలభై ఒకటో నమూనాలోని చెయ్యి గౌరవసభ్యులు చెప్పిన పోలయ్యదేనా?"

ఇందుమతి ముందున్న నివేదికను మూసింది.

"అవునా, కాదా?"

"అందులో ఉన్నది యజమాని చెయ్యి కాదు. అంతవరకే నేను చెప్పగలను."

"ఎవరిదో మీకు తెలుసా?"

"తెలుసు. పేరు పలకనని మాటిచ్చాను."

"ఇది సభ. ఇక్కడ అడిగితే చెప్పాలి. చెప్పకపోతే ధిక్కారం అవుతుంది."

"అవుతుందండీ," అంది ఇందుమతి నెమ్మదిగా. సభ పట్ల తనకు మిగిలినది అదొక్కటేనని తోచింది, పైకి అనలేదు.

ఆమె సంగతి తరువాత తేల్చుదామని సభాపతి పక్కన పెట్టాడు. అసలు పని మిగిలే ఉంది. వ్యవసాయ మంత్రి ఒక్క వాక్యపు సవరణ చదివాడు: "పంటయందు ఏ చెయ్యి కనిపించినను, అది పట్టాదారుని చెయ్యిగానే భావింపబడవలెను."

ఎంత చక్కని వాక్యం! యంత్రం అబద్ధమనలేదు. బిల్లు వద్దనలేదు. 'పండించిన చేతికే మద్దతు' అన్న మాటలో ఒక్క అక్షరం మారలేదు. చేతిని మాత్రం భుజందాకా నరికి, ఇంకొకరికి అతికించారు. నెత్తురు చుక్క పడలేదు.

"అవుననేవారు?"

"అవును!" మూడేళ్ళలో తొలిసారి రెండు పక్షాలూ ఒక్క గొంతుతో పలికాయి.

"కాదనేవారు?"

ఎవరూ లేరు.

ధనుంజయరావు మళ్ళీ లేచాడు. ఈసారి కన్నీరు అవసరం లేకపోయింది. మూడు ఉంగరాల కుడిచేతిని కెమెరాలకు కనిపించేలా పైకెత్తి, వేళ్ళు విప్పాడు. "అధ్యక్షా, నలభై ఒకటో నమూనాలోని చెయ్యి ఇదే. ఈ క్షణం నుంచి చట్టం సాక్షిగా చెబుతున్నాను. ఇన్ని పంటలు పండించిన చెయ్యి. నా చెయ్యి."

గ్యాలరీలో కుర్చీ కిర్రుమంది.

"మా ఆయన మీతో మజ్జిగ ఎక్కడ తాగాడయ్యా?"

సభ తలలెత్తింది. ఆమె నిలబడి ఉంది. గుమాస్తా శేషగిరి వెనుకనుంచి చీర చెరగు పట్టి లాగుతున్నాడు. "కూర్చోవే! నీకు పొలం అక్కర్లేదా?"

"కూర్చోమ్మా, గ్యాలరీలో మాట్లాడకూడదు," అంటూ మార్షల్ పరుగున వచ్చాడు.

"తొమ్మిదేళ్ళయింది పోలయ్య పోయి. మొన్న ఆదివారం తాగాడంటున్నారు గదా, ఎట్టా ఉన్నాడో అడుగుతున్నా. చిక్కాడా? దగ్గు తగ్గిందా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పైకెత్తిన ఉంగరాల చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే గాలిలో ఉండిపోయింది.

"ఈ మాటలు రికార్డుల్లోకి పోవు," అన్నాడు సభాపతి, కలంతో బల్ల కొడుతూ. "మార్షల్, బయటికి తీసుకెళ్ళండి."

"పోతాన్లే అయ్యా. పొలం కూడా పోయిందిగా, ఇంకెక్కడికైనా పోతాను." ఆమె కండువా తీసి కుర్చీమీద వేసింది. రెండు చేతులూ ముందుకు చాచింది. గోళ్ళలో, గీతల్లో, కణుపుల్లో పాతుకున్న పసుపు కింది వరసల దాకా కనిపించింది. "చెయ్యి పోలయ్యదంటే ఊరుకునేదాన్ని. మా ఆయన్ని తొమ్మిదేళ్ళు నేనే బతికించుకున్నా, ఆయన పేరుమీద పోతే పోయింది. ఈ చేతులు మాత్రం ఆయనవీ కావు, మీవీ కావు."

ఇందుమతి సాక్షిపీఠంలో లేచి నిలబడింది. పలకనని మాటిచ్చిన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పై నుంచి ఆమె చూసి, వద్దన్నట్టు తలూపింది.

"నీ పేరేమిటి?" సభాపతి గద్దించాడు. "అసలు నువ్వెవరు?"

మార్షల్ ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె కదలలేదు. కళ్ళు మాత్రం ఒక్కసారి మూసి తెరిచి, నిండుసభకు వినబడేలా, తానే పలికింది:

"బత్తుల సువార్తమ్మ."